ఇద్దరు పెద్ద విద్వాంసులు ఒకే వేదిక మీద కూర్చుంటే ఏం వినాలి?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. వచ్చే వారం అనంతపురంలో ఇద్దరు పెద్ద విద్వాంసుల కచేరీ ఉందని, ఒకరిది వయొలిన్, ఇంకొకరిది వేణువు అని, ఇద్దరికీ డెబ్బై దాటాయని రాశారు. మామగారినీ, పదో తరగతి చదివే బాబునూ తీసుకెళ్లాలని మీ ఆలోచన. ఈ వయసులో వాళ్ల వాయిద్యంలో ఇంకా పస ఉంటుందా, యూట్యూబ్‌లో పాత రికార్డింగులు వింటే సరిపోదా అని మీ మొదటి అనుమానం. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మామగారు అన్నారట, అది రెండోది. సంగీతం నేర్చుకోనివాళ్లు రెండు గంటలు కూర్చుని ఏం గమనించాలి అన్నది మూడోది.

నేను మృదంగం వాయిస్తాను. మన సీమ జిల్లాల్లో, అటు బళ్లారి, బెంగళూరు వైపు పక్కవాద్యానికి తిరిగినవాణ్ణి. జంట కచేరీలో మృదంగం దగ్గర కూర్చున్నవాడికి ఇద్దరి ముఖాలూ, ఇద్దరి చేతులూ కనబడుతుంటాయి. ప్రేక్షకులకు వినబడనివి కూడా కొన్ని వినబడతాయి. అక్కడ కూర్చుని తెలుసుకున్నదే మీకు చెప్తాను.

ముందు ఒక్క మాట. తప్పకుండా వెళ్లండి. వెళ్లి, ఇద్దరిలో ఎవరు బాగా వాయించారన్న లెక్క మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. జంట కచేరీలో అసలు సరుకంతా అందించడంలో, అందుకోవడంలో ఉంటుంది. ఒకాయన ఎక్కడ ఆపాడు, రెండో ఆయన ఎక్కడి నుంచి మొదలుపెట్టాడు, ఆ చోటు మీద చెవి పెడితే రాగాల పేర్లు తెలియకపోయినా కచేరీ అందుతుంది.

ఉదాహరణకు కల్యాణి రాగం తీసుకుందాం. వయొలిన్ ఆయన ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని విప్పడం) మొదలుపెట్టి గాంధారం, అంటే 'గ' దగ్గర కాసేపు తిరుగుతాడు. మధ్యమం, ధైవతం మీదుగా పైకి వెళ్లి నిషాదం, అంటే 'ని' మీద నిలబడతాడు. ఆ పైన ఒక్క మెట్టు ఎక్కితే తారషడ్జం, అంటే పైస్థాయి 'స'. వినేవాళ్ల ప్రాణమంతా ఆ షడ్జం కోసం ఎదురుచూస్తుంటుంది. నేర్చుకోనివాళ్లకు కూడా, పేరు తెలియకపోయినా, ఇంకొక్క స్వరం రావాలి అనిపిస్తుంది. ఆయన ఆ స్వరం వెయ్యకుండా కమాను నెమ్మదిగా తేల్చి ఆపేస్తాడు. వేణువు ఆయన వెంటనే అందుకోడు. ఒక ఊపిరి తీసుకుని అదే నిషాదాన్ని, అంతే నెమ్మదిగా పట్టుకుంటాడు. దాన్ని కొంచెం ఊపి, కొంచెం నిలిపి, అప్పుడు షడ్జం ఎక్కుతాడు. హాలంతా ఒక్కసారి 'ఆహా' అంటుంది. చప్పట్లు వేణువుకు పడతాయి. కానీ ఆ 'ఆహా'లో సగం వయొలిన్ ఆయనది. షడ్జం తనే వేసుకుని ఉంటే చప్పట్లు తనకే వచ్చేవి. అది తెలిసే వదిలిపెట్టాడు.

ఇలాంటి చోట్లు మంచి కచేరీలో చాలా వస్తాయి. మామూలుగా వినేవాళ్లు వాయిస్తున్నవాళ్లనే చూస్తారు. మీరు అప్పుడప్పుడు వాయించకుండా కూర్చున్న ఆయన్ని కూడా చూడండి. ఆయన వేళ్లు ఒళ్లో కదులుతున్నాయా, తల ఎక్కడ ఊపాడు, ఎక్కడ కళ్లు మూసుకున్నాడు, ఎక్కడ చటుక్కున పక్కకు తిరిగి చూశాడు? అలా తిరిగి చూశాడంటే అనుకోనిదేదో వచ్చిందన్నమాట. ఆ పక్క నిమిషంలో అదే పోకడ ఆయన వాయిద్యంలో వేరే రూపంలో వస్తే, మీ ఎదురుగా ఒక కొత్త ఊహ పుట్టి పెరిగినట్టే. రిహార్సల్‌లో కుదరని విషయం అది. మనోధర్మం అని మేం అనేది దాన్నే.

ఇప్పుడు శృతి సంగతి, అంటే కచేరీ అంతటికీ ఆధారంగా పెట్టుకునే షడ్జం ఎంత ఎత్తులో ఉండాలన్నది. దీని గురించి ఎవరూ బయట చెప్పరు గానీ ఇద్దరు పెద్దవాళ్లు కలిసి కూర్చున్నప్పుడు మొదటి చర్చ దీని మీదే నడుస్తుంది. వేణువుకు ఒకసారి రంధ్రాలు వేశాక దాని శృతి మారదు. కావాలంటే వేరే వేణువు తియ్యాలి. వయొలిన్‌కు బిరడాలు తిప్పి తీగలు బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. కాబట్టి వయొలినే సర్దుకోవాలి కదా అనిపిస్తుంది. కానీ వేణువు శృతి ఎక్కువైతే తీగలు బాగా బిగించాలి. బిగిసిన తీగ మీద గమకం (స్వరాన్ని ఊపడం) లాగడానికి వేలు ఎక్కువ నొక్కాలి, నాదం సన్నబడుతుంది. డెబ్బై దాటిన వేళ్లకు ఇది తేలికైన పని కాదు. పోనీ వేణువు ఆయనే శృతి తగ్గించుకుంటాడా అంటే, దానికి పొడుగాటి వేణువు కావాలి. అందులో రంధ్రాలు దూరదూరంగా ఉంటాయి, వేళ్లు చాచాలి, ఊపిరి కూడా ఎక్కువ పడుతుంది. ఆ వయసుకు అదీ కష్టమే. అంటే ఇద్దరిలో ఎవరో ఒకరు శ్రమ నెత్తిన వేసుకోవాలి, లేదా ఇద్దరూ చెరి సగం పంచుకోవాలి. మీరు వెళ్లినప్పుడు వేణువు ఎంత పొడుగుందో చూడండి. చెయ్యి బాగా చాచి పట్టుకునేంత పొడుగ్గా ఉంటే శృతి తగ్గించుకుంటానని వేణువు ఆయన కచేరీకి ముందు మధ్యాహ్నమే మాట ఇచ్చేశాడని అర్థం.

తర్వాతిది పాఠాంతరం. ఒకే కీర్తన ఒక్కో గురుపరంపరలో ఒక్కోలా ఉంటుంది. సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్ల) సంఖ్య వేరు, వరుస వేరు. త్యాగరాజ కీర్తనలకే ఈ తేడాలుంటే, అన్నమయ్య కీర్తనల సంగతి చెప్పనక్కర్లేదు. తిరుమల రాగిరేకుల మీద పాటలకు రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. వరసలు మన కాలంలో కట్టుకున్నవే. అందులో పెద్ద చెయ్యి మన అనంతపురం జిల్లావారిది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో పుట్టింది ఈ జిల్లా రాళ్లపల్లి గ్రామంలోనే. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు 1974లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, బాలమురళీకృష్ణగారు, ఇంకా కొందరు వరసలు కట్టారు. దాంతో కొన్ని కీర్తనలకు ఒకటికి మించి వరసలు తయారయ్యాయి. ఇద్దరు విద్వాంసులు చెరొకటి నేర్చుకుని ఉంటారు. వేదిక మీద ఎవరి వరస వాయించాలి? కచేరీ రోజు మధ్యాహ్నం లాడ్జిలో కూర్చుని పెద్దవాళ్లు తేల్చుకునేది ఇలాంటివే. 'ఈ చరణంలో మీ సంగతి వాయిద్దాం, పల్లవికి నాది ఉంచుదాం' అని ఒక్కోసారి అరగంట మాట్లాడుకుంటారు. మిగతాదంతా వేదిక మీదికే వదిలేస్తారు. కచేరీ చివర్లో అన్నమయ్య పాట వస్తే బాబుకు రాళ్లపల్లివారి పేరు చెప్పండి. ఇంత దగ్గర ఊరివారని పిల్లలకు తెలియాలి.

మామగారి కత్తుల సామెతకు వస్తాను. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. మన ప్రాంతంలో పద్యనాటకం చూస్తూ పెరిగినవాళ్లు ఎవరైనా అలాగే అంటారు. నటుడు బళ్లారి రాఘవగారు తాడిపత్రిలో పుట్టినవారు, సురభి నాటకం మొదలైంది కడప జిల్లా సురభి గ్రామంలో. ఈ నేల మీద సంగీతం చాలామందికి నాటకంలోంచే అబ్బింది. ఒక నటుడు పద్యం చదివి రాగం లాగితే, ఎదుటి పాత్రవాడు అంతకంటే ఒక దమ్ము ఎక్కువ లాగాలి. జనం 'వన్స్‌మోర్' అంటే మళ్లీ చదవాలి. అక్కడ పోటీ ఉంటేనే రక్తి. ఆ చెవితో కచేరీకి వస్తే ఇద్దరు విద్వాంసులూ పందెం కాసుకున్నట్టే కనబడతారు.

కచేరీల్లోనూ పోటీ లేకపోలేదు. పడుచువాళ్లు ఇద్దరు కూర్చుంటే స్వరకల్పనలో (సరిగమలను అప్పటికప్పుడు అల్లి వాయించడంలో) ఒకరి లెక్క మీద ఒకరు లెక్క వేసుకుంటూ పోతారు. మైకు సౌండు పెంచమని సైగలు చేస్తారు. ఒకాయన పది నిమిషాలు ఆలాపన చేస్తే రెండో ఆయన పన్నెండు చేస్తాడు. అదీ ఒక అందమే, నేను కాదనను. అందులో వేడి ఉంటుంది. కానీ ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లయితే లెక్క మారుతుంది. గెలవాల్సినవన్నీ వాళ్లు ఎప్పుడో గెలిచేశారు. బిరుదులొచ్చాయి, శిష్యులు తయారయ్యారు. ఇక మిగిలింది రాగం ఒక్కటే. ఆ వయసులో ఎదుటివాడి దగ్గర తనకు తెలియని పోకడ వినబడితే వాళ్ల ముఖం వెలిగిపోవడం నేను పక్కనుంచి చూశాను. ముప్పై ఏళ్లప్పుడు అదే పోకడ వింటే గుండె గుభేలుమంటుంది.

జంటల్లో రకాలున్నాయి, ఇది కూడా తెలుసుకుని వెళ్తే మేలు. కలిసి పెరిగిన జంటలు ఒక రకం. నాదస్వరంలో షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులను చూడండి. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్ సోదరులు రాఘవాచారి, శేషాచారిగార్లు గాత్రంలో అలాంటివారే. ఇలాంటి జంటల్లో పాఠం ఒకటే, సాధన ఒకే ఇంట్లో. కళ్లు మూసుకుని వింటే ఎక్కడ ఒకరు ఆపి ఇంకొకరు ఎత్తుకున్నారో పట్టుకోవడం కష్టం. ఒకే గురువు దగ్గర నేర్చుకుని తర్వాత వేర్వేరు దారుల్లో వెళ్లినవారు ఇంకో రకం. సితార్ రవిశంకర్, సరోద్ అలీ అక్బర్ ఖాన్ ఇద్దరూ మైహర్‌లో అల్లాఉద్దీన్ ఖాన్ శిష్యులు. వేర్వేరు ఇళ్లలో, వేర్వేరు వాద్యాల మీద పెద్దవాళ్లై, తర్వాత కలిసినవారు మూడో రకం. లాల్గుడి జయరామన్ వయొలిన్, ఎన్. రమణి వేణువు, తిరువనంతపురం ఆర్. వెంకటరామన్ వీణ 1960లలో ఒకే వేదిక మీదికి వచ్చి వాయించడం మొదలుపెట్టాక, వాద్యాల కలయికకు మన కర్ణాటక సంగీతంలో గొప్ప గిరాకీ వచ్చింది. మీరు వెళ్తున్న కచేరీ ఈ మూడో రకానిది. ఇందులో ఇద్దరి మధ్య తేడా దాగదు. దాగకూడదు కూడా. వయొలిన్ లావు తీగ మీద మంద్రస్థాయి, అంటే కింది స్వరాలు నిండుగా పలుకుతాయి, వేణువు అక్కడ పలచనగా ఉంటుంది. పైస్థాయిలో వేణువు తేలిగ్గా తిరుగుతుంది. కాబట్టి తెలిసినవాళ్లు రాగం కింది భాగం వయొలిన్‌కు వదిలి, పై భాగంలో వేణువుకు దారి ఇస్తారు. వేణువు ఆయన కిందికి దిగినప్పుడు వయొలిన్ ఆయన సన్నగా ఒక షడ్జం పట్టుకుని కూర్చుంటాడు. చెవి పెడితేనే వినబడుతుంది అది. వేణువు కింద మెత్తటి నేల ఉన్నట్టు అనిపించేది దానివల్లే.

మామగారు బాలమురళీకృష్ణ, భీమ్‌సేన్ జోషిగార్ల జుగల్బందీ క్యాసెట్ విన్నారని, ఇదీ అలాగే ఉంటుందా అని అడిగారు కదా. అక్కడ రెండు సంప్రదాయాలు, ఒకరిది మన కర్ణాటకం, ఇంకొకరిది హిందుస్తానీ. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న రాగాలే పట్టుకోవాలి. మన కల్యాణికి వాళ్ల యమన్, మన హిందోళానికి వాళ్ల మాల్కౌస్, మోహనానికి భూప్, మాయామాళవగౌళకు భైరవ్. స్వరాలు ఒకటే అయినా నడక వేరు. ఇక్కడ ఇద్దరూ కర్ణాటక సంగీతం వాళ్లే కాబట్టి ఏ రాగమైనా తీసుకోవచ్చు, కీర్తన కలిసి వాయించవచ్చు. తోడి, కాంభోజి, భైరవి లాంటి బరువైన రాగం ఒకటి తప్పకుండా వస్తుంది. మామగారికి అది ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

ఇక వయసు. మీ మొదటి అనుమానం ఇదే కాబట్టి దాచకుండా చెప్తాను. తగ్గేవి తగ్గుతాయి. వయొలిన్ మీద ద్రుతకాలంలో, అంటే వేగంగా వాయించేటప్పుడు వేళ్లు పాతికేళ్లనాటిలా పరుగెత్తవు. కమాను చివరిదాకా లాగేటప్పుడు ఒక్కోసారి చిన్న వణుకు వస్తుంది. వేణువుకు ఊపిరే మూలధనం. పాతికేళ్లవాడు ఒక దమ్ములో వాయించే పోకడను డెబ్బై ఏళ్లాయన రెండు దమ్ముల్లో వాయిస్తాడు. పళ్లు కూడా పెద్ద సమస్య. ముందుపన్ను కదిలితే పెదవి కూర్చునే తీరు మారిపోతుంది, దాంతో నాదమే మారుతుంది. పళ్లు పోయాక మళ్లీ మొదటి నుంచి ఊదడం సాధన చేసుకున్న విద్వాంసులున్నారు. కచేరీ కూడా మూడు నాలుగు గంటలు నడవదు, రెండు గంటలకు ముగుస్తుంది.

దానికి బదులు ఏం వస్తుందంటే, అనవసరమైనవన్నీ రాలిపోతాయి. రెండు దమ్ముల్లో వాయించాల్సి వచ్చినప్పుడు మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆలోచించాలి. పెద్దవాళ్లు దాన్ని రాగం అర్థం చెడని చోట తీసుకుంటారు, ఆ విరామం కూడా రాగంలో భాగమే అనిపిస్తుంది. పది స్వరాలు వేసేచోట మూడు వేస్తారు, ఆ మూడూ ఎక్కడ వెయ్యాలో అక్కడ పడతాయి. మాకు, మృదంగం వాయించేవాళ్లకు, వాళ్ల పక్కన వాయించడం చాలా కష్టం, చాలా ఇష్టం కూడా. ఖాళీ ఎక్కువ వదులుతారు. దాన్ని నింపాలని చెయ్యి దురద పెడుతుంది. నింపామా, వాళ్లు కట్టినదంతా చెదిరిపోతుంది.

ఒక సంగతి చెప్తాను. కడప జిల్లాలో ఒక ఊళ్లో త్యాగరాజ ఆరాధన. ఇద్దరు పెద్ద గాయకులు కలిసి పాడుతున్నారు, మృదంగం నాది. కాంభోజి ఎత్తుకున్నారు. మొదటాయన ఆలాపనలో పైకి వెళ్లి తారస్థాయి గాంధారం మీద నిలబడబోయారు. గొంతు పలకలేదు. మళ్లీ ప్రయత్నించారు, జీర వచ్చింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు వంపుకుని తాగి, రెండో ఆయనకు చెయ్యి చూపించారు. రెండో ఆయన తారస్థాయికి పెట్టింది పేరు. ఆ గాంధారం మీద ఆయన అవలీలగా నిలబడతారని, ఆ పైన పంచమం దాకా వెళ్తారని మా అందరికీ తెలుసు. జనం కూడా దానికోసమే వచ్చారు. ఆయన రాగం అందుకుని మధ్యస్థాయి పంచమం, ధైవతం చుట్టూ తిరిగారు. తారషడ్జం తాకి, రిషభం దాకా వెళ్లీ వెళ్లకుండా వెనక్కి దిగిపోయారు. గాంధారం జోలికే పోలేదు. నెరవులోనూ (కీర్తనలో ఒక పంక్తి తీసుకుని రకరకాలుగా విస్తరించడం) అంతే, స్వరాల్లోనూ అంతే. తన వంతు వచ్చిన ప్రతిసారీ రాగాన్ని మంద్రస్థాయి వైపు మళ్లించారు. మొదటాయన గొంతు కింద ఇంకా నిండుగా ఉంది. అక్కడికి చేరాక ఆయన తేరుకున్నారు. ఆ కాంభోజిలో కింది షడ్జం దగ్గర ఆయన పాడినట్టు నేను ఎవరి దగ్గరా వినలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒకరిద్దరు తప్ప, జరిగిందేమిటో హాల్లో ఎవరికీ పట్టలేదు. 'ఈరోజు ఆయన పైకి వెళ్లలేదేం, ఒంట్లో బాగాలేదా' అని కొందరు నన్నే అడిగారు.

యూట్యూబ్ చాలదా అని మీరన్నదానికి నా జవాబు ఇందులోనే ఉంది. ఆ కచేరీ రికార్డు చేసి ఉంటే ఏదో మామూలు కాంభోజి అనిపించేది. రికార్డింగులు వినండి, ముందే వింటే మంచిది కూడా. ఈ ఇద్దరివీ విడివిడిగా పాత కచేరీలు ఒక్కోటి వినండి. వాళ్లు ఒంటరిగా ఎలా వాయిస్తారో చెవికి తెలిస్తే, కలిసినప్పుడు ఎక్కడ తగ్గారు, ఎక్కడ మారారు అన్నది పట్టుబడుతుంది. పక్కన ఇంకొకరు ఉన్నారని చేసిన మార్పును ఎదురుగా కూర్చుని చూడాలి.

బాబు సంగతి. పదో తరగతి పిల్లవాడికి రాగం కంటే తాళం ముందు అందుతుంది. ఆది తాళం నేర్పించండి, ఐదు నిమిషాల పని. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు నుంచి వరసగా మూడు వేళ్లు. అది నాలుగు. తర్వాత ఒక దెబ్బ, ఒక తిప్పు, మళ్లీ ఒక దెబ్బ, ఒక తిప్పు. మొత్తం ఎనిమిది. మెల్లగా నడిచే కీర్తనకు ఒక్కో లెక్కను రెండుసార్లు వేస్తారు. వేదిక మీద వాయించని ఆయన చేతిని చూస్తూ వేస్తే తప్పిపోడు.

కీర్తన అయ్యాక స్వరకల్పన వస్తుంది. అప్పుడు బాబును నిటారుగా కూర్చోమనండి. మొదట ఒక్కొక్కరూ ఇష్టమొచ్చినంతసేపు స్వరాలు వాయించి కీర్తన ఎత్తుగడ దగ్గరికి వచ్చి కలుస్తారు. కాసేపటికి లెక్క బిగుస్తుంది. ఒకాయన రెండు ఆవర్తనాలు, అంటే పదహారు లెక్కలు వాయిస్తే, రెండో ఆయనా అంతే. తర్వాత ఒక ఆవర్తనం, ఎనిమిది. తర్వాత నాలుగు, ఆ తర్వాత రెండు, చివరికి ఒక్కో లెక్కకు ఒక్కో మాట. దీన్ని కుదింపు అంటారు, మా వాళ్లు తమిళంలో కొరైప్పు అని కూడా అంటారు. చివరికి ఇద్దరూ కలిసి ఒకే ముక్తాయి (ముగింపు లెక్క) వాయించి ఎత్తుగడ మీద దిగుతారు. పిల్లలు ఒకసారి ఇది లెక్కపెట్టగలిగితే ఇక వదలరు. పెద్దవాళ్ల కుదింపులో ఒక విశేషం ఉంటుంది, అదీ చూడమనండి. ఒకాయన ఏ స్వరం మీద ఆపాడో రెండో ఆయన ఆ స్వరం మీదే మొదలుపెడతాడు. అలా వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఒకసారి ఒకాయన తన వంతు సగంలోనే ఆపేసి నవ్వుతాడు, మిగతా సగం రెండో ఆయన పూరించాలి. ఇది లెక్క తెలిసిన ధైర్యం.

తర్వాత తని ఆవర్తనం, అంటే లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం. మృదంగం, ఘటం ఉంటే అక్కడా ఇదే అందించడం, అందుకోవడం. దయచేసి ఆ సమయంలో కాఫీకి లేచి వెళ్లకండి. నా వాద్యం కాబట్టి అంటున్నానని అనుకోకండి. తనిలో విద్వాంసులిద్దరూ తాళం వేస్తూ కూర్చుంటారు. వాళ్లు తాళం వేసే తీరులోనే లయ మీద వాళ్లకెంత పట్టుందో కనబడుతుంది.

మీరు నిర్వాహకుల్లో ఒకరికి తెలుసని రాశారు కాబట్టి నా తరఫున రెండు మాటలు చేరవేయండి. సన్మానాలు, శాలువాలు, ఉపన్యాసాలు కచేరీ మధ్యలో పెట్టొద్దు. ముందన్నా పెట్టుకోండి, చివరన్నా పెట్టుకోండి. ప్రధాన రాగం అయ్యాక ఎవరో నాయకుడొచ్చారని కచేరీ ఆపి, ముప్పావుగంట మైకులో మాట్లాడించడం నేను చూశాను. అంతసేపట్లో పెద్దాయన వేళ్లు బిగుసుకుపోయాయి, మృదంగం శృతి జారింది, వేణువు చల్లబడి శృతి తగ్గింది. మళ్లీ వేడెక్కేసరికి జనం సగం లేచిపోయారు. ఇద్దరు పెద్దవాళ్లను పిలిపించుకుని అలా చెయ్యడం చాలా బాధాకరం. రెండోది, వేణువు ఆయన వైపు ఫ్యాన్ పెట్టొద్దు. ఊదే గాలికి బయటిగాలి అడ్డం తగిలితే నాదమే పుట్టదు. ఉక్కగా ఉందని ప్రేమతోనే పెడతారు పాపం. మన అనంతపురం గాలి పొడి, వయొలిన్ బిరడాలు కూడా పట్టు తప్పి జారుతుంటాయి. వేదిక మీదికి వాళ్లను ఒక అరగంట ముందే రానిస్తే వాద్యాలు ఆ హాలు గాలికి అలవాటు పడతాయి.

మీరు కూడా ఆ అరగంట ముందే వెళ్లండి. శృతి చేసుకోవడం చూడండి. తంబూరా లేదా శృతిపెట్టె మోగుతుంటే వేణువు ఒక షడ్జం ఇస్తుంది, వయొలిన్ దానికి కలుస్తుంది, మృదంగం దానికి కలుస్తుంది. మృదంగం ఎడమవైపు తడి రవ్వముద్ద అంటించడం, కుడివైపు అంచు మీద రాయితో కొడుతూ శృతి తెచ్చుకోవడం బాబు తప్పకుండా చూడాలి. మరీ ముందు వరుస వద్దు, అక్కడ స్పీకర్ల మోతే తప్ప వాద్యాల నాదం కలిసి వినబడదు. నాలుగైదు వరుసలు వెనక, మధ్యలో, ఇద్దరి చేతులూ కనబడే చోటు చూసుకోండి. మామగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి నడవా పక్క కుర్చీ అయితే సుఖం.

ఫోనులో వీడియో తియ్యొద్దని బాబుకు ముందే చెప్పండి. చప్పట్లకు కంగారు పడక్కర్లేదు, ఆలాపన ముగిశాక, స్వరాలు ముగిశాక, తని ముగిశాక కొడతారు. మధ్యలో నచ్చిన చోట 'ఆహా' అన్నా, 'భేష్' అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మాట వింటే వాయించేవాళ్లకు ఎంత బలమో చెప్పలేను. మంగళం అయ్యేదాకా ఉండండి. భోజనం ముందే కానిచ్చుకుని వెళ్తే ఆ కంగారు ఉండదు.

మృదంగం నేర్చుకోవాలని బాబు అడుగుతున్నాడని చివర్లో రాశారు. కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి తీసుకెళ్లి మృదంగం వాయించినాయన్ని కలవండి. ముందు మాత్రం వద్దు, శృతి చేసుకునే హడావిడిలో ఉంటారు. ముగిశాక అయితే ఎవరైనా సంతోషంగా మాట్లాడతారు. వాద్యం మీద ఒక దెబ్బ వెయ్యనిమ్మని అడగండి. కాలికి చెప్పులు లేకుండా వెళ్లమని, వాద్యాన్ని దాటొద్దని ముందే చెప్పండి. పదో తరగతి పరీక్షలయ్యాక మొదలుపెట్టినా ఏం ఆలస్యం కాదు. రోజూ ఒక గంట కూర్చునే ఓపిక ఉంటే చాలు.